జాలీ చుట్టూ ఏం నింపితే నిలుస్తుంది? వైట్ సిమెంట్, సిలికాన్, ఎం-సీల్, ఎపాక్సీ గ్రౌట్

బాత్రూమ్ నేలలో ఎక్కువ నీళ్లు పారేది నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పైపులోకి దిగే గిన్నె) మీది జాలీ చుట్టూ ఉన్న జానెడు చోటులో. ఇల్లు కట్టేటప్పుడు తక్కువ శ్రద్ధ పెట్టేదీ అక్కడే. టైల్స్ మేస్త్రీ చివరి రోజు గుప్పెడు వైట్ సిమెంట్ కలిపి, జాలీ చుట్టూ మెత్తి, స్పాంజీతో తుడిచి వెళ్లిపోతాడు. కొన్నేళ్లకు ఆ సిమెంట్ ఇసుకలా రాలుతుంది, జాలీ కాలి కింద కదులుతుంది, కింది ఫ్లాటు సీలింగ్ మీద పసుపు మచ్చ పడుతుంది. అప్పుడు హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి అడిగితే పైన చెప్పిన నాలుగింటిలో ఏదో ఒకటి చేతికొస్తుంది. ఏది వస్తుందన్నది ఆ రోజు షాపులో ఉన్న సరుకును బట్టే తప్ప మన సందును బట్టి కాదు.

ముందే తేల్చి చెప్పాలంటే, జాలీ ఫ్రేముకూ టైలుకూ మధ్య సందుకు కొనదగినది ఎపాక్సీ గ్రౌట్, అంటే టైల్స్ సందులు నింపే రెసిన్ ముద్ద. సిలికాన్‌కు ఒక చిన్న చోటుంది. ఎం-సీల్‌కు ఇంకా చిన్నది. వైట్ సిమెంట్‌కు చోటు లేదు. అయితే ఫ్రేము కింద ట్రాప్ గొంతు చుట్టూ ఉన్న మాలు పాడైపోయి ఉంటే, పైన ఏది పెట్టినా మూడు నెలల ముచ్చటే.

అసలు అక్కడున్నది ఒక్క సందు కాదు, మూడు. పైన టైలుకూ జాలీ ఫ్రేముకూ మధ్య కంటికి కనిపించేది ఒకటి. ఫ్రేము అడుగుకూ పీవీసీ ట్రాప్ గొంతుకూ మధ్య ఇంకొకటి. ఫ్రేమూ గొంతూ ఒకదానికొకటి ఆనుకుని ఉండాల్సింది పోయి చాలా ఇళ్లలో అంగుళం, అంగుళంన్నర ఎడం ఉంటుంది, మధ్యలో ఉన్నది వట్టి సిమెంటు మాలు. ఇక ట్రాప్ బయటి గోడకూ స్లాబుకూ మధ్య మూడోది. మొదటి రెండూ పైనుంచి చేయి పెట్టి బాగుచేసుకోవచ్చు. మూడోది, లేదా కింది పైపు జాయింటు లీకైతే ట్యూబులూ డబ్బాలూ కొనడం దండగ, ప్లంబర్ రావాల్సిందే.

అందుకే డబ్బు ఖర్చుపెట్టే ముందు చిన్న పరీక్ష చేసుకోవాలి. ఒక రోజంతా ఆ బాత్రూమ్ వాడకుండా ఆరనివ్వండి. జాలీ పైపలక తీసి, నేల తడవకుండా ఒక పైపుతో నేరుగా ట్రాప్ లోపలికి రెండు మూడు బకెట్లు వదలండి. గంటలో కింద తడి కనిపిస్తే తప్పు పైపుల్లో ఉంది. కనిపించకపోతే గొంతులో, ఫ్రేము కంటే కిందికి, రబ్బరు టెస్ట్ ప్లగ్ బిగించండి. అది దొరక్కపోతే పాలిథిన్ కవరులో చుట్టిన గుడ్డముద్దను గట్టిగా కుక్కినా సరిపోతుంది. ప్లగ్ మీద కాసిని నీళ్లు పోసి అవి నిలుస్తున్నాయో లేదో ముందు చూసుకోవాలి. తర్వాత జాలీ చుట్టూ అడుగు వెడల్పున చపాతీ పిండితో గట్టు కట్టి, లోపల అర అంగుళం లోతు నీళ్లు నింపి, గట్టు పక్కన పెన్సిలు గీత పెట్టండి. గంట తర్వాత మట్టం గీత కంటే బాగా దిగిందంటే నీళ్లు ఫ్రేము సందుల్లోంచి పోతున్నట్టే. కింది ఇంటివాళ్ల తలుపు తట్టకుండానే విషయం తెలిసిపోతుంది. గట్టు లోపల మట్టం కదలకుండా ఉండి, మిగతా నేల తడిసినప్పుడే కింద చెమ్మ వస్తోందంటే దోషం టైల్స్ మధ్య గ్రౌట్‌లో ఉంది, జాలీని అనవసరంగా నిందించకండి.

ఇక సరుకుల సంగతి.

వైట్ సిమెంట్ చవక, కలపడం తేలిక, టైల్ రంగులో కలిసిపోతుంది. దాని మంచి అంతటితో సరి. ఆరేటప్పుడు కుంచించుకుపోయి స్టీలు ఫ్రేము అంచు వెంట వెంట్రుకంత చీలిక ఇస్తుంది. అంతకంటే పెద్ద శత్రువు మనం వాడే బాత్రూమ్ యాసిడ్. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సిమెంటులోని సున్నాన్ని అది బుసబుసా పొంగిస్తూ తినేస్తుంది. బోరు నీళ్ల ఇళ్లలో టైల్స్ మీద పేరుకున్న తెల్లటి ఉప్పు పోగొట్టడానికి వారం వారం యాసిడ్ పోస్తారు కదా, అది చివరికి చేరి నిలిచేది జాలీ అంచునే. యాసిడ్ వాడే ఇంట్లో వైట్ సిమెంట్ రాలడం నాణ్యత లోపం కాదు, దాని స్వభావం.

సిలికాన్ మీద జనానికి నమ్మకం ఎక్కువ. దాదాపు 280 మి.లీ. ట్యూబు, గన్ ఉంటే పావుగంట పని. ఆరంగుళాల చదరపు జాలీ చుట్టుకొలత 60 సెం.మీ. పైచిలుకు. 6 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతు గీత గీస్తే 22, 23 మి.లీ. కంటే పట్టదు. కొనేటప్పుడు మాత్రం ట్యూబు మీద న్యూట్రల్ అని రాసి ఉందో లేదో చూడాలి. షాపుల్లో చవకగా దొరికేది వెనిగర్ వాసన వచ్చే రకం. అది ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది. గాజుకు, గ్లేజు టైలుకు బాగానే పట్టుకుంటుంది గానీ సిమెంటు తగిలిన చోట ఆ ఆమ్లం సున్నంతో కలిసి అతుకును వదులు చేస్తుంది. ఇత్తడి జాలీ అయితే దానికీ మంచిది కాదు. పాలరాయి నేలకు అసలు వద్దు.

న్యూట్రల్ రకం తెచ్చినా రెండు ఇబ్బందులున్నాయి. తడి మీద అది అంటదు. పైకి ఆరినట్టున్న సందులో లోపల చెమ్మ ఉంటే వారం రోజుల్లో మొత్తం తాడులా ఊడి వస్తుంది. పాత సిలికాన్ మీద కొత్తది కూడా అంటదు, పాతదాన్ని బ్లేడుతో ఆనవాలు లేకుండా గీకాల్సిందే. పై పొర అరగంటలోపే గట్టిపడుతుంది కాబట్టి ఆరిపోయిందనుకుంటాం. లోపలికి రోజుకు రెండు మూడు మి.మీ. చొప్పున మాత్రమే ఆరుతుంది, 6 మి.మీ. లోతంటే మూడు రోజులు ఆగాలి. ఒకే బాత్రూమ్ ఉన్న ఇంట్లో అది అయ్యే పనేనా? సిలికాన్ సరిగ్గా నప్పేది గోడ, నేల కలిసే మూలల్లో. అక్కడ కాస్త కదలిక ఉంటుంది, సాగే గుణం పనికొస్తుంది. జాలీ దగ్గర చీపురూ బ్రష్షూ రోజూ రాపాడతాయి, అంచు లేచిపోయి దాని కింద నల్లటి బూజు చేరుతుంది.

ఎం-సీల్ లాంటి రెండు ముద్దల పుట్టీ గొంతులో పగులుకు మంచి మందు. పీవీసీ ట్రాప్ మెడ అంచు విరిగితే, గరుకు కాగితంతో రుద్ది, రెండు ముద్దలనూ రంగు చారలు లేకుండా ఒకటయ్యేదాకా పిసికి అతికిస్తే రాయిలా నిలుస్తుంది. చుట్టూ సందు నింపడానికి మాత్రం వద్దు. సన్నటి సందులోకి దిగదు, పైన గడ్డలుగా నిలిచి నీటి పారుదలకు అడ్డం పడుతుంది.

ఎపాక్సీ గ్రౌట్‌లో రెసిన్, హార్డెనర్, పొడి అని మూడు భాగాలుంటాయి. పెద్ద పట్టణాల్లో సులువుగా దొరికేవి పిడిలైట్ వారి రాఫ్, హైదరాబాద్ కంపెనీ ఎంవైకే లాటిక్రీట్ వారి ఎస్‌పీ-100. ఈ పని వరకు రెంటి మధ్య ఎంపికకు తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు, మీ షాపులో తయారీ తేదీ కొత్తగా ఉన్నది తీసుకోండి. గట్టిపడ్డాక నీళ్లు పీల్చదు, కుంచించుకుపోదు, ఇంట్లో వాడే పలుచటి యాసిడ్‌కు లొంగదు. రంగు బూడిద తీసుకోవడం మేలు. తెల్లది కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది, వెంటిలేటర్ ఎండ పడే చోట మరీ తొందరగా.

చిక్కల్లా దాని ధరతోనూ పాళ్లతోనూ. సిలికాన్ ట్యూబు కంటే కిలో ప్యాకు చాలా ప్రియం. మన సందు 5 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. లోతు అనుకుంటే నిండేది 25 మి.లీ., అంటే దాదాపు 40 గ్రాములు. కిలోలో ఇరవై అయిదో వంతు! మిగిలింది దాచుకోవచ్చు గానీ, కలిపేటప్పుడు మూడింటినీ ఒకే నిష్పత్తిలో తూకం వేసి తీయాలి. గ్రాములోపు తేడానూ చూపే డిజిటల్ తూకం కావాలి, కంటి అంచనా చాలదు. హార్డెనర్ పాలు అటూ ఇటూ అయితే అది ఎన్నటికీ జిగురుగానే ఉండిపోతుంది, గీకి పారేయడం తప్ప దారి లేదు. 60 గ్రాములు కలుపుకోండి, గిన్నెకు అంటుకునేది పోగా సరిపోతుంది.

ఇప్పుడు పని. పైపలక తీసి, ట్రాప్‌లో గుడ్డ కుక్కి, దానికి ఒక తాడు కట్టి బయట ఉంచండి. రాలిన సిమెంటు పెచ్చులు ట్రాప్ అడుగుకు చేరితే లీకు పోయి బ్లాకు వస్తుంది. పాత సిమెంటును సన్న ఉలితో, హాక్‌సా బ్లేడు ముక్కతో తీయాలి. నాలుగంగుళాల గ్రైండర్‌తో తొందరగా అవుతుంది గానీ చేయి ఒక్కసారి జారితే టైలు అంచు పోతుంది. ఫ్రేము కదులుతుంటే మొహమాటపడకుండా ఊడదీయండి. కిందేముందో అప్పుడే తెలుస్తుంది.

మాలు వేలితో నొక్కితే పొడి అవుతుంటే గట్టిది తగిలేదాకా తవ్వేయాలి. అసలు కీలకం ఇక్కడుంది. నున్నటి పీవీసీకి సిమెంటు అంటుకోదు. ఆనుకుని నిలబడుతుంది, అంతే. ఆ సందులోంచే నీళ్లు జారతాయి. ట్రాప్ గొంతు బయటి అంచును 60 నంబరు గరుకు కాగితంతో గీరి, పీవీసీ సాల్వెంట్ సిమెంట్ పూసి, అది ఆరకముందే ఎండు ఇసుక చల్లండి. పది నిమిషాల్లో ప్లాస్టిక్ మీద ఇసుక కాగితం లాంటి పొర వస్తుంది, ఇక మాలు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లించిన ఇసుక, కలిపే నీళ్లలో డాక్టర్ ఫిక్సిట్ యూఆర్‌పీ లాంటి ఎస్‌బీఆర్ లాటెక్స్ (మాలుకు పట్టు పెంచే పాలలాంటి ద్రవం) డబ్బా మీద చెప్పిన మేరకు. నాలుగైదు దోసిళ్ల మాలు చాలు. దాన్ని గొంతువైపు వాలుగా గరిటెతో నొక్కి పెట్టి, మర్నాటిదాకా తడిగుడ్డ కప్పండి. గట్టిపడ్డాక రెండు భాగాల వాటర్‌ప్రూఫ్ పూత బ్రష్షుతో రెండు పొరలు వేసి, గొంతు లోపలికి రెండు సెంటీమీటర్లు దిగేలా చూడాలి. మేస్త్రీలు ఎగ్గొట్టేది సరిగ్గా ఈ రెండు సెంటీమీటర్లే.

పూత ఆరాక ఫ్రేమును అదే మాలు మీద కూర్చోబెట్టండి. టైలు కంటే రెండు మి.మీ. కిందికి ఉండాలి. పైకి ఉంటే చుట్టూ నీళ్లు నిలుస్తాయి, మరీ కిందికి దిగితే బొటనవేలు తగులుతుంది. ఫ్రేము చుట్టూ 5 మి.మీ. సందు సమంగా రావడానికి టైల్ స్పేసర్లో, అగ్గిపుల్లలో పెట్టి, మర్నాడు తీసేయండి. ఆపైన ఒక రోజు ఆరనిచ్చి, హెయిర్ డ్రయ్యర్ పట్టి, సందుకు రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి ఎపాక్సీ కలపండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, హార్డెనర్ చర్మానికి పడదు. వేసవిలో కలిపిన ముద్దను గిన్నెలో కుప్పగా ఉంచితే తన వేడికి తానే తొందరగా బిగుసుకుపోతుంది, వెడల్పాటి పళ్లెంలో పరిస్తే పని చేయడానికి ఇంకాస్త సమయం దక్కుతుంది. ప్లాస్టిక్ గరిటెతో అడుగుదాకా నొక్కి, టేపు వెంటనే లాగేసి, అంచులను తడి స్పాంజీతో తుడవాలి. టైలు మీద మిగిలిన పలుచటి మసకను ఆ గంటలోపే తుడవకపోతే అది అక్కడే స్థిరపడుతుంది. 24 గంటలు నీళ్లు వద్దు, వారం రోజులు యాసిడ్ వద్దు.

పని అయ్యాక కింది సీలింగ్‌లో చుక్కలు ఆగలేదని కంగారుపడేవాళ్లుంటారు. బాత్రూమ్ స్లాబు పల్లంగా దించి ఇటుక ముక్కలతో నింపిన ఇళ్లలో ఆ నింపుడు నీటిని పట్టి ఉంచుతుంది. సందు మూసినా లోపలున్న నీళ్లు దిగిపోవడానికి వారాలు పడుతుంది. చుక్కల వేగం తగ్గుతోందా లేదా అన్నదే చూడాలి. నెలన్నర తర్వాతా అదే జోరుంటే చపాతీ పిండి పరీక్ష మళ్లీ చేయండి.

వాసన కోసం ఈ పని పెట్టుకునేవాళ్లకు ఒక మాట: వాసనకూ బొద్దింకలకూ కారణం చాలాసార్లు ట్రాప్‌లో నీళ్లు ఇంకిపోవడమే. అందులో కనీసం 50 మి.మీ. లోతు నీళ్లు నిలవాలి. వేసవి సెలవుల్లో ఊరెళ్లే ముందు ఒక చెంబు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేస్తే తొందరగా ఆవిరి కాదు.

జాలీ మార్చే ఉద్దేశం ఉంటే ఇదే అదను. స్టీలు 304 రకం అడగండి. అయస్కాంతం పెట్టి చూపించే షాపువాళ్లను పూర్తిగా నమ్మొద్దు, చవకైన 202 రకాన్నీ అయస్కాంతం పెద్దగా లాగదు. తేడా యాసిడ్ తగిలిన కొన్ని నెలలకు తుప్పు చుక్కలుగా బయటపడుతుంది. 304 కూడా యాసిడ్‌కు అతీతమేమీ కాదు, పోసిన వెంటనే కడిగేయాలి. మిగిలిన ఎపాక్సీని కమోడ్ అడుగు చుట్టూ, టైల్స్ మధ్య గ్రౌట్ లేచిన చోట్ల వాడుకోవచ్చు. 3 మి.మీ. సందు, 8 మి.మీ. లోతుకు మీటరుకు 40 గ్రాములు లెక్క వేసుకోండి. హార్డెనర్ సీసా మూత బిగించి, పొడికి గాలి తగలకుండా కట్టి పెడితే ప్యాకు మీదున్న గడువుదాకా పనికొస్తుంది.