డీబీఎస్ పరిశోధనకు ఏ జంతువు మేలు: ఈదే ఎలుకా, మళ్లీ మళ్లీ చూసుకునే ఎలుకా, ముఖం రుద్దుకునే చిట్టెలుకా?

మెదడు లోపలికి సన్నటి ఎలక్ట్రోడ్ దించి, ఛాతీ చర్మం కింద అమర్చిన బ్యాటరీ నుంచి సెకనుకు వందకు పైగా కరెంటు పల్స్‌లు పంపే చికిత్స డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్). పార్కిన్సన్స్ రోగులకు ఇది ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా చేస్తున్నారు. మందులకు లొంగని ఓసీడీకి (ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా వేధించే జబ్బు), డిప్రెషన్‌కు కూడా ఇది పనికొస్తుందా అన్నది పాతికేళ్లకు పైగా నడుస్తున్న ప్రశ్న. దానికి జవాబు కోసం ఎన్నో ఎలుకల తలల్లో ఎలక్ట్రోడ్లు పెట్టారు. ఆ ప్రయోగాలన్నిటికీ ఒకే విలువ లేదు. కొన్ని మనకు నిజంగా దారి చూపాయి, కొన్ని ఆశ మాత్రమే పెంచాయి. ఏది ఏ రకమో తెలుసుకోకుండా "ఎలుకల్లో డిప్రెషన్ తగ్గింది" అన్న వార్త చదివితే, ఇంట్లో ఏళ్ల తరబడి ఆ జబ్బుతో నలిగేవాళ్లు ఉన్న కుటుంబానికి అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

ముందు పార్కిన్సన్స్ సంగతి, ఎందుకంటే అక్కడ జంతు పరిశోధన చక్కగా పనిచేసింది. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ హెరాయిన్ ఎక్కించుకున్న కొందరు యువకులు ఉన్నట్టుండి కదల్లేకుండా బిగుసుకుపోయారు. దానికి కారణం అందులోని ఎంపీటీపీ అనే రసాయనం. అదే రసాయనం ఇస్తే కోతులకూ అదే స్థితి వచ్చింది: అదే బిగుతు, అదే నెమ్మది, చచ్చిపోయిన కణాలు కూడా అవే, డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని తయారుచేసే కణాలు. 1990లో బెర్గ్‌మన్, విక్‌మన్, డిలాంగ్ అలాంటి కోతుల్లో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే మెదడు లోపలి చిన్న భాగాన్ని దెబ్బతీస్తే కదలికలు తిరిగి వచ్చాయని చూపించారు. 1993లో ఫ్రాన్స్‌లో అదే చోట కరెంటు పంపినా కోతులకు మేలు జరిగింది. దాదాపు అదే సమయంలో గ్రెనోబుల్‌లో బెనబిడ్ బృందం మనుషుల్లోనూ ఆ చోటికే వెళ్లింది. కోతికి వచ్చిందీ మనిషికి వచ్చిందీ ఒకే జబ్బు కాబట్టే ఇది సాధ్యమైంది.

మానసిక జబ్బుల్లో కథ తిరగబడింది. అక్కడ మనుషులే ముందు. 1999లో బెల్జియంలోని లూవెన్‌లో నుటిన్ బృందం ఓసీడీకి, 2005లో టొరంటోలో మేబర్గ్, లొజానో బృందం డిప్రెషన్‌కు డీబీఎస్ చేశారు. మేబర్గ్ దగ్గర ఆరుగురిలో నలుగురికి ఆరు నెలల తర్వాత కూడా మేలు కనిపించింది. ఎందుకు పనిచేసిందో వెతకడానికి పరిశోధకులు ఆ తర్వాత ఎలుకల దగ్గరికి వెళ్లారు. ఎలుక తన అపరాధ భావం గురించి చెప్పదు. "ఇక బతకాలని లేదు" అనదు. కాబట్టి ఏదో ఒక ప్రవర్తనను కొలవాలి. ఏ ప్రవర్తనను కొలుస్తామన్న దగ్గరే అసలు తేడా వస్తుంది.

డిప్రెషన్‌కు అందరూ వాడింది ఈత పరీక్ష. 1977లో పోర్సోల్ట్ దీన్ని ప్రవేశపెట్టాడు. నీళ్లు నింపిన గాజు గొట్టంలో ఎలుకను వదులుతారు. మొదటి రోజు పావుగంట, మర్నాడు అయిదు నిమిషాలు. ఈదడం మానేసి తేలుతూ ఎంతసేపు ఉందో లెక్కిస్తారు. 2010లో హమానీ బృందం ఎలుక మెదడు ముందు భాగంలో, మనిషిలో మేబర్గ్ ఎంచుకున్న చోటుకు దగ్గరదిగా భావించే భాగంలో, సెకనుకు 130 పల్స్‌లు పంపితే ఆ కదలకుండా ఉండే సమయం తగ్గింది. సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని ముందే హరింపజేసిన ఎలుకల్లో ఆ ఫలితం రాలేదు. అంటే కరెంటు ప్రభావం సెరటోనిన్ దారిలో వెళుతోందన్నమాట. ఈ పరీక్ష నిజంగా నేర్పిన విషయం ఇది, దీన్ని తీసిపారేయడానికి లేదు.

కానీ తేలుతూ ఉండడం నిరాశేనా? బయటపడే దారి లేదని గ్రహించి ఓపిక మిగుల్చుకునే తెలివి కూడా కావచ్చు. పైగా అవి చాలావరకు మామూలు, ఆరోగ్యమైన ఎలుకలు. డిప్రెషన్‌లో డీబీఎస్ ప్రభావం మనిషిలో నెలల మీద పెరుగుతుంది. ఈత పరీక్ష రెండు రోజుల్లో అయిపోతుంది. ఈ కాలం తేడాను నేను చాలా గట్టిగా పట్టించుకుంటాను. అమెరికాలో బ్రాడెన్ అనే పెద్ద పరీక్షలో 90 మందికి ఎలక్ట్రోడ్లు పెట్టి, కొందరికి కరెంటు ఆన్ చేసి, కొందరికి ఆఫ్‌లో ఉంచితే, ఆరు నెలలకు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత అందరికీ ఆన్ చేసి రెండేళ్లు చూస్తే సుమారు సగం మందికి మేలు జరిగింది. రెండేళ్ల ప్రశ్నకు అయిదు నిమిషాల ఈత జవాబు చెప్పలేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2024లో ఈ ఈత పరీక్షను చట్టం చేసి నిషేధించింది. డీబీఎస్ వరకు నేనూ దీన్ని పక్కన పెట్టమనే చెబుతాను.

ఓసీడీ దగ్గర పరిస్థితి నయం. అక్కడ ఎలుక చేసే పని, మనిషి చేసే పని కొంతవరకు ఒకేలా కనిపిస్తాయి. డోపమైన్‌లా పనిచేసే క్విన్‌పిరోల్ అనే మందును ఎలుకకు కొన్ని వారాలు పదే పదే ఇచ్చి, విశాలమైన బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టి వదిలితే, అది ఒకటి రెండు చోట్లకే మళ్లీ మళ్లీ తిరిగొచ్చి చూసుకుంటుంది. గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా అని పదిసార్లు వెనక్కి వెళ్లే మనిషి గుర్తుకు రాక మానడు. 2008లో వింటర్ బృందం ఇలాంటి ఎలుకల సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లో కరెంటు పంపితే ఆ తనిఖీలు తగ్గాయి. అదే ఏడాది ఫ్రాన్స్‌లో మాలే బృందం 16 మంది ఓసీడీ రోగుల్లో అదే చోట డీబీఎస్ చేస్తే లక్షణాలు తగ్గాయి, తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా కనిపించాయి. ఎలుక, మనిషి ఒకే చోట ఒకే వైపు చూపించడం ఈ రంగంలో అరుదు. దీని లోపం ఒకటే, కానీ పెద్దది. ఇది మందు తెచ్చిపెట్టిన స్థితి. డోపమైన్‌ను ఒక్కదాన్నే కదిపితే వచ్చింది, లోపల సర్క్యూట్ ఎక్కడ చెడిందో చెప్పదు.

ఇక నేను ఎక్కువ మార్కులు వేసేది మూడోదానికి. 2007లో సాపాప్3 అనే జన్యువు తీసేసిన చిట్టెలుకల గురించి నేచర్ పత్రికలో వచ్చింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ స్ట్రయేటమ్ అనే భాగంలో నరకణాల కలయికల దగ్గర ఎక్కువగా ఉంటుంది. అది లేని చిట్టెలుక ముఖం పుండు పడేదాకా రుద్దుకుంటూనే ఉంటుంది. ఓసీడీకి మనం వాడే ఫ్లుఆక్సెటిన్ ఇస్తే ఆ రుద్దుడు తగ్గింది. స్ట్రయేటమ్‌లో మాత్రమే ఆ జన్యువును తిరిగి పెడితే కూడా తగ్గింది. అంటే చెడింది ఎక్కడో తెలిసింది. 2013లో బుర్గియేర్ బృందం కాంతితో నరకణాలను కదిపి, ముందు మెదడు నుంచి స్ట్రయేటమ్‌కు వెళ్లే దారిని ఉత్తేజపరిస్తే రుద్దుడు తగ్గింది. 2018లో ఈ చిట్టెలుకల్లోనే ఇంటర్నల్ క్యాప్సూల్ అనే నరాల పోగుల కట్టకు డీబీఎస్ ఇస్తే కూడా తగ్గింది. నుటిన్ 1999లో మనుషుల్లో ఎంచుకున్న చోటూ అదే. జబ్బు చిట్టెలుక వెంటే ఉంటుంది కాబట్టి ఒక్క రోజుతో ఆగకుండా చాలా రోజులు గమనించవచ్చు. డీబీఎస్ లాంటి దీర్ఘకాల చికిత్సకు కావలసింది సరిగ్గా ఇదే.

లోపాలు దీనికీ ఉన్నాయి. ముఖం రుద్దుకోవడం మనిషిలో ఓసీడీ కంటే చర్మం గిల్లుకునే, జుట్టు పీక్కునే జబ్బులకు దగ్గర. మనుషుల ఓసీడీకీ ఈ జన్యువుకూ సంబంధం బలహీనం. ఇంకొకటి సైజు. మనిషికి పెట్టే ఎలక్ట్రోడ్ మందం 1.27 మిల్లీమీటర్లు. చిట్టెలుక మెదడు మొత్తం అర గ్రాము కూడా ఉండదు. మనిషిలో కట్టగా సాగే ఇంటర్నల్ క్యాప్సూల్ ఎలుకల్లో స్ట్రయేటమ్ గుండా చిన్న చిన్న పోగులుగా చీలి వెళుతుంది. కాబట్టి చిట్టెలుకలో దొరికిన వోల్టేజీని, ఎలక్ట్రోడ్ చోటును మనిషికి యథాతథంగా అంటగట్టకూడదు. దాని నుంచి తీసుకోవాల్సింది సూత్రం.

ఆ సూత్రం ఎంత విలువైనదో జెనీవాలో లూషర్ బృందం 2015లో చూపించింది. కొకెయిన్ పదే పదే ఇచ్చిన చిట్టెలుకల్లో మామూలు 130 పల్స్‌ల డీబీఎస్ నిలిచే ఫలితం ఇవ్వలేదు. సెకనుకు 12 పల్స్‌లకు దించి, దానితో పాటు డోపమైన్‌ను అందుకునే డీ1 గ్రాహకాలను ఆపే మందు ఇస్తే, కరెంటు ఆపిన తర్వాత కూడా ఫలితం నిలిచింది. ఇక్కడ మనిషిలో ముందే చేసినదానికి కారణం వెతకడం కాదు, మనిషిలో ఎవరూ చేయని పద్ధతిని చిట్టెలుకే ముందు చూపించింది.

కోతుల సంగతి వేరు. మేబర్గ్ ఎంచుకున్న ఏరియా 25 అనే మెదడు భాగానికి ఎలుకలో సరైన జోడీ ఏదన్నది ఇంకా వాదనే. చిన్న కోతి మార్మోసెట్‌లో ఆ భాగం స్పష్టంగా ఉంది. కేంబ్రిడ్జ్ బృందం 2019లో దాన్ని అతిగా చురుకుచేస్తే, ఇష్టమైన తిండి వస్తుందన్న ఉత్సాహం కోతిలో తగ్గిపోయింది. డిప్రెషన్‌కు కూడా వాడే కెటమైన్ అనే మందు ఇస్తే ఆ ఉత్సాహం తిరిగి వచ్చింది. డిప్రెషన్‌లో ఆనందం ఇంకిపోయే స్థితికి ఈత పరీక్ష కంటే ఇది ఎంతో దగ్గర. అయినా కోతిని ముందు వరుసలో పెట్టమని నేననను. సర్క్యూట్ ప్రశ్నలు చిట్టెలుకలో తేల్చుకుని, అక్కడ లేని మెదడు భాగం గురించిన ప్రశ్న మిగిలినప్పుడే, అదీ కొద్ది కోతులతోనే, అటు వెళ్లాలి.

మన దగ్గర ఓసీడీకి డీబీఎస్ గురించి డాక్టర్‌ను అడిగే కుటుంబాలకు ఒక మాట. మీ నిర్ణయానికి ఆధారం కావలసింది మనుషులపై జరిగిన పరీక్షలే, ఎలుకలు కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మానసిక జబ్బుకు మెదడు ఆపరేషన్ చేయాలంటే రోగి స్వయంగా విషయం తెలుసుకుని ఒప్పుకోవాలి, సంబంధిత బోర్డు అనుమతి కూడా ఉండాలి. ఆ సమ్మతి తీసుకునేటప్పుడు మీ ముందు పెట్టే ఫలితాలు ఏ ప్రాణిలో, ఎన్ని రోజులు చూసి చెప్పినవో తప్పకుండా అడగండి.