భిన్నాల భాగహారం: తిరగేసి గుణించాలా, హారాలు సమం చేయాలా?

విజయనగరంలో మా ట్యూషన్‌కి పిల్లల్ని దింపడానికొచ్చే అమ్మానాన్నలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టారూ, బళ్లో తిరగేసి గుణించమన్నారట. మీరేమో హారాలు సమం చేయమంటున్నారు. పిల్లాడు టెన్షన్ పడుతున్నాడు. ఇంతకీ ఏది రైటండి?"

రెండూ రైటే. జవాబు ఒకటే వస్తుంది. ఏది ముందు నేర్పాలన్నదే తేలాల్సిన విషయం.

తిరగేసే పద్ధతి అందరికీ తెలిసిందే. 5/2 ÷ 3/4 అంటే 5/2 × 4/3, అంటే 20/6, కుదిస్తే 10/3. రెండో పద్ధతిలో 5/2ని 10/4గా రాసుకుంటాం. పది పావుల్లో మూడేసి పావులు ఎన్నిసార్లు వస్తాయి? 10/3 సార్లు. రెండు వైపులా పావులే కాబట్టి ఇక హారంతో పని లేదు.

వేగం మాటకొస్తే తిరగేయడానికే ఓటు. 17/24 ÷ 35/36 ఇచ్చి చూడండి. కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) 72 అని తేల్చి, 51/72, 70/72 అని రాసుకుని, 51/70కి చేరేలోపు, తిరగేసినవాడు 24నీ 36నీ కొట్టేసి పక్క లెక్కలో ఉంటాడు. కోరుకొండ సైనిక్ స్కూల్లో ఆరో తరగతి సీటు కోసం రాసే ఎంట్రన్స్‌లో 150 నిమిషాలకు 125 ప్రశ్నలు. అందులో 50 లెక్కలే, ఒక్కోదానికి 3 మార్కులు. కిల్తంపాలెం, వెన్నెలవలస నవోదయల పరీక్షలో రెండు గంటలకు 80 ప్రశ్నలు. నాన్నలు వేగం వేగం అని కంగారు పడటంలో తప్పు లేదు.

తిరగేయడాన్ని ట్యూషన్‌వాళ్ల షార్ట్‌కట్ అని చులకన చేసేవాళ్లూ ఉన్నారు. 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో భాజకం, అంటే భాగించే భిన్నం, లవహారాలను తారుమారు చేసి గుణించమని సూత్రం చెప్పాడు. పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెనిగించింది ఆ గ్రంథాన్నే. హారాలు సమం చేయడానికి వాడే కసాగు కూడా అందులో 'నిరుద్ధం' పేరుతో ఉంది. కాబట్టి ఏది పాతది, ఏది కొత్తది అన్న గొడవ మనకొద్దు.

నా దృష్టిలో తేల్చేది వేగం కాదు, మిగులు. భాగించగా మిగిలిన ముక్కకు పిల్లాడు ఏం పేరు పెడతాడన్నది.

ఈ లెక్క ఇచ్చి చూడండి. రెండున్నర మీటర్ల పొందూరు ఖద్దరు ఉంది. ఒక జాకెట్‌కి ముప్పావు మీటరు కావాలి. ఎన్ని జాకెట్ల గుడ్డ? నోటితో చేసేవాడు మూడు జాకెట్లకు రెండుంపావు పోయింది, పావు మిగిలింది, కాబట్టి "మూడుంపావు మాస్టారూ" అంటాడు. కాగితం మీద తిరగేసి గుణించిన వాడికి మూడూ ఒకటి బై మూడు వస్తుంది. ఇద్దరి నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టి ఎవరిది రైటని అడిగితే, సరిగ్గా చేసిన వాడే ముందు రబ్బరు తీస్తాడు. పావు మీటరు మిగలడం కళ్ల ముందు కనిపిస్తోంది కదా, మూడో వంతు ఎక్కడిదని వాడి అనుమానం. సూత్రం దగ్గర ఆ అనుమానానికి జవాబు లేదు.

ఇప్పుడు బోర్డు మీద పొడుగ్గా ఒక పట్టీ గీసి పది గళ్లు చేయండి. ఒక్కో గడి పావు మీటరు. మూడేసి గళ్లకు ఒక్కో రంగు పూస్తే మూడు జాకెట్లు అయి, చివర ఒక గడి ఖాళీగా ఉంటుంది. "ఈ గడి మీటర్లో ఎంత?" పావు. "జాకెట్లో ఎంత?" ఇక్కడ క్లాసు కాసేపు ఆగుతుంది. తర్వాత వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు, జాకెట్‌కి మూడు గళ్లు కదండీ, ఇది ఒకటే కదండీ, మూడో వంతండీ అంటారు. మిగిలింది మీటర్లలో చెబితే పావు, జాకెట్లలో చెబితే మూడో వంతు. మనం అడిగింది ఎన్ని జాకెట్లని, కాబట్టి మూడో వంతే రాయాలి. టైలర్‌కి మాత్రం పావు మీటరే కావాలి, చేతులకు ఏమైనా పనికొస్తుందేమోనని. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగిన పిల్లాడికి భిన్నాల భాగహారం వచ్చినట్టే లెక్క. 10/4, 3/4 అని రాసుకున్నవాడికి ఆ పది గళ్లూ కాగితం మీదే ఉంటాయి. తిరగేసినవాడి కాగితం మీద 20/6 ఉంటుంది. అందులో గుడ్డా లేదు, గడీ లేదు.

ఇది పిల్లల తంటా మాత్రమే కాదు. 1999లో అచ్చయిన, లిపింగ్ మా (Liping Ma) అనే పరిశోధకురాలి అధ్యయనంలో అమెరికా, చైనా టీచర్లకు 1¾ ÷ ½ ఇచ్చారు. చేయబోయిన 21 మంది అమెరికా టీచర్లలో 9 మందికే సరైన జవాబు వచ్చింది. చైనా టీచర్లు 72 మందీ సరిగ్గా చేశారు. దీనికి తగ్గ కథ ఒకటి అల్లమంటే, అమెరికా టీచర్లలో కొందరు ఉన్నదాన్ని ఇద్దరికి సమానంగా పంచే కథ చెప్పారు. అది 2తో భాగించడం, ½తో కాదు. ఇదే లెక్కకు మా పిల్లలు 7/8 అని ఠక్కున చెప్పేది కూడా అందుకే.

ఇంత చెప్పినా, తిరగేయడానికి అర్థమే లేదని మాత్రం నేననను. దానికి తనదంటూ ఒక చోటుంది. ముప్పావు ఎకరానికి 15 కేజీల వరి విత్తనం పట్టింది, అదే లెక్కన ఎకరానికెంత? ఇక్కడ 15 కేజీల్లో ముప్పావు ఎకరాలు ఎన్ని అని అడిగితే నవ్వుతారు. హారాలు సమం చేసినా 20 వస్తుంది కానీ ఎందుకొచ్చిందో చెప్పలేం. రైతుల ఇళ్ల పిల్లలైతే కాగితం ముట్టుకోరు: పావు ఎకరానికి 5 కేజీలు, ఎకరానికి 20. మూడుతో భాగించారు, నాలుగుతో గుణించారు. తిరగేయడమంటే అదే. ఒకదానికి ఎంత అని అడిగే రేటు లెక్కలన్నీ ఈ దారిలోనివే.

తప్పులు రెండింట్లోనూ ఉన్నాయి. తిరగేసేవాళ్లు మొదటి భిన్నాన్ని తిప్పేస్తారు, లేదంటే రెండింటినీ తిప్పేస్తారు. జవాబు తలకిందులుగా వచ్చినా వాళ్లకు అనుమానం రాదు. సమం చేసేవాళ్లు కూడికల అలవాటు కొద్దీ జవాబు కింద మళ్లీ 4 తగిలిస్తారు. రెండో తప్పును దిద్దడం సులువు. పది పావుల్లో మూడు పావులు ఒక్కసారి కూడా రావా అని అడిగితే వాళ్లే కొట్టేసుకుంటారు.

లవాన్ని లవంతో, హారాన్ని హారంతో నేరుగా భాగించే పద్ధతి కూడా ఉంది. 8/15 ÷ 2/3 లాంటి చోట 4/5 అని చక్కగా వస్తుంది. సరిగ్గా భాగం పోని చోట చిక్కు. దశాంశాల్లోకి మార్చి చేయడం పావులు, అరలు ఉన్నంతవరకే. 2/3 వచ్చిందంటే ఆరులకు అంతుండదు.

కాబట్టి నా వరస ఇది. ముందు పట్టీ, హారాలు సమం చేయడం. మిగులు గురించి తడబడకుండా చెప్పగలిగాక విత్తనాల లెక్క, దాని వెనకే తిరగేయడం. హారాలు సమం చేయడం నుంచే తిరగేయడం పుడుతుందని కూడా అప్పుడే చూపించొచ్చు. 2/3 ÷ 4/5ని 10/15, 12/15 చేస్తే జవాబు 10/12. ఆ 10 ఎక్కడిది? రెండైదులు. 12 ఎక్కడిది? మూడు నాలుగులు. తిరగేసి గుణించినా అవే గుణకారాలు.

పై క్లాసుల్లో రెండూ కావాలి. ఇంటర్‌లో 1/ఎక్స్‌కి ఫస్ట్ ప్రిన్సిపుల్‌తో డెరివేటివ్ తీయమంటే, ముందు 1/(ఎక్స్+హెచ్) నుంచి 1/ఎక్స్ తీసేయడానికి హారాలు సమం చేయాలి. పైన మైనస్ హెచ్, కింద ఎక్స్ ఇంటూ ఎక్స్ ప్లస్ హెచ్ వస్తాయి. ఆ మొత్తాన్ని హెచ్‌తో భాగించడానికి తిరగేసి 1/హెచ్‌తో గుణించాలి. సరిగ్గా అక్కడే కొందరు హెచ్‌తోనే గుణించి పైన హెచ్ వర్గం తెచ్చుకుంటారు, లిమిట్ సున్నా అని రాసేస్తారు. వాళ్లకు లిమిట్ రాదని తిట్టే ముందు, 3/4 ÷ 5 ఎంతో అడిగి చూడండి. 3/20 అని వెంటనే చెప్పలేకపోతే, అది కాలిక్యులస్ గొడవ కాదు, ఏడో తరగతి బాకీ.

ఎంట్రన్స్ నెల రోజుల్లో ఉందంటే మాత్రం నా వరస పక్కన పెట్టేయండి. పిల్లాడికి తిరగేయడం బాగా చేతనైతే దాన్ని కదపొద్దు. జవాబు టిక్ పెట్టే ముందు, ఇది మొదటి సంఖ్య కంటే పెద్దదవ్వాలా చిన్నదవ్వాలా అని చూసుకోవడం మాత్రం అలవాటు చేయండి. 1 కంటే చిన్నదానితో భాగిస్తే పెద్దదవుతుంది, 1 కంటే పెద్దదానితో భాగిస్తే చిన్నదవుతుంది. తలకిందులైన జవాబు ఆప్షన్లలో ఉన్నా చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. పట్టీలూ గళ్లూ వేసవి సెలవుల్లో చూసుకోవచ్చు.