బంగారు నానోకణాలను కలపడానికి ఏ లింకర్ మేలు: హెక్సేన్ డైథయోలా, బైఫినైల్ డైథయోలా?

ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, అనంతపురంలో ఉన్న నాకు ఎమ్మెస్సీ పిల్లల ఫోన్లు. కడప నుంచి చేసినా, కర్నూలు నుంచి చేసినా ప్రశ్న ఒకటే. "సార్, బంగారు కణాల ఫిల్మ్‌కి ఆల్కేన్ లింకర్ కొనాలా, బెంజీన్ వలయాలున్నది కొనాలా?" లింకర్ అంటే పక్కపక్క కణాలను కలిపే వంతెన అణువు. డైథయోల్ అంటే బంగారాన్ని పట్టుకునే గంధకం రెండు కొసలా ఉన్నది. హెక్సేన్‌ది ఆరు కార్బన్ల ఆల్కేన్ గొలుసు, బైఫినైల్‌వి రెండు బెంజీన్ వలయాలు. వలయాలుంటే ఎలక్ట్రాన్లకు దారి సులువు కాబట్టి అదే మేలని చాలామంది ముందే అనుకుని ఉంటారు. నేనూ బైఫినైల్ వైపే మొగ్గుతాను, కానీ ఆ కారణంతో కాదు.

వాళ్లు చెప్పే లెక్కలో తప్పేమీ లేదు. ఆల్కేన్ గొలుసులో ఒక్కో కార్బన్ పెరిగేకొద్దీ టన్నెలింగ్ కరెంటు (అడ్డును దాటి ఎలక్ట్రాన్లు దూకడం వల్ల వచ్చే కరెంటు) రెండున్నర, మూడు రెట్ల చొప్పున తగ్గుతుంది. వలయాల అణువుల్లో ఈ తగ్గుదల చాలా నెమ్మది. మన రెండు అణువుల్లోనూ ఈ కొస గంధకం నుంచి ఆ కొస గంధకానికి దూరం సుమారు ఒక నానోమీటరే కాబట్టి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఒక్క అణువును కొలిస్తే బైఫినైల్‌దే పైచేయి.

అయితే మనం కొలిచేది ఒక్క అణువును కాదు, కణాలూ లింకర్లూ అల్లుకున్న వలను. అందులో అణువు రెండు కొసలూ రెండు వేర్వేరు కణాలను పట్టుకున్నాయా అన్నదే నా దృష్టిలో అసలు విషయం. వంతెన లేని చోట ఖాళీ ఒక్క ఆంగ్‌స్ట్రామ్ (నానోమీటరులో పదోవంతు) పెరిగినా కరెంటు దాదాపు పదోవంతుకు పడిపోతుంది. అలాంటి ఖాళీలు దారి పొడవునా ఉంటే మిగతా చోట్ల ఎంత మంచి అణువున్నా ఫలితం ఉండదు. పైగా కణం చిన్నదైతే దాని మీదికి ఒక్క ఎలక్ట్రాన్ ఎక్కడానికే శక్తి ఖర్చవుతుంది.

ఆల్కేన్ గొలుసు మెత్తన. పగ్గం రెండు కొసలూ ఒకే గుంజకు కట్టినట్టు, దాని రెండు గంధకాలూ ఒకే కణానికి అతుక్కోగలవు. గొలుసు పొడవయ్యేకొద్దీ ఈ బెడద ఎక్కువ. బైఫినైల్ బిర్రుగా ఉంటుంది, అలా వంగలేదు. ఒక కొస అతుక్కుంటే రెండోది బయటికే చూస్తూ పక్క కణం కోసం సిద్ధంగా ఉంటుంది.

దీన్ని కంటితోనే పోల్చుకోవచ్చు. అమైన్ పూత వేసిన గాజు స్లైడ్‌ను ముందు బంగారు నానోకణాల ద్రావణంలో, కడిగాక ఇథనాల్‌లో కలిపిన లింకర్‌లో, మళ్లీ బంగారంలో ముంచుతూ పోవాలి. లింకర్ పనిచేస్తుంటే లేత గులాబీ రంగు ప్రతి విడతకూ ముదిరి ఊదాకి, తర్వాత నీలానికి తిరుగుతుంది. మొదట్లో మల్టీమీటర్ ఏమీ చూపించదు. కణాల దారి ఈ చివర నుంచి ఆ చివరికి కలిశాకే అంకెలు కనిపిస్తాయి. పక్కనే ఇంకో స్లైడ్‌ను ఒకే కొసకు గంధకం ఉన్న ఆక్టేన్‌థయోల్‌లో ముంచుతూ రండి. దాని రంగు ముదరకూడదు. అదీ ముదిరితే కణాలు వాటంతటవే అంటుకుంటున్నాయన్న మాట, లింకర్ గురించి ఆ ఫిల్మ్ ఏమీ చెప్పదు. ఈ రెండో స్లైడ్ లేని ప్రాజెక్టు రిపోర్టును నేను నమ్మను.

అణువు పొడవు ఖాళీకి సరిపోవాలన్నది మరో షరతు. 2006లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు ఆక్టేన్‌థయోల్ తొడుగున్న బంగారు కణాల మధ్య పొడవాటి ఫినైలీన్ ఇథైనిలీన్ అణువులు (ఇవీ వలయాలున్న లింకర్లే) చొప్పించి కరెంటు పెంచారు, తిరిగి ఆక్టేన్‌థయోల్ పెట్టి తగ్గించారు. అలాంటి ఖాళీకి పొట్టి బైఫినైల్ అందదు.

హెక్సేన్ డైథయోల్‌కీ దాని బలాలున్నాయి. ధర తక్కువ, సులువుగా దొరుకుతుంది, కంపు మాత్రం ల్యాబంతా పడుతుంది. బైఫినైల్ గాలి తగిలితే డైసల్ఫైడ్‌గా మారుతుంది, ద్రావణం ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. పొడవును బట్టి నిరోధం ఎలా మారుతుందో చూడాలంటే మాత్రం ఆల్కేన్ వరసే కావాలి, ఒక్కో కార్బన్ పెంచుకుంటూ పోవచ్చు. కెనడాలోని టొరంటోలో ధీరానీ అనే శాస్త్రవేత్త బృందం 2006లో అలాగే చేసి, ఐదు కార్బన్ల దగ్గర ఫిల్మ్ లోహపు తీరు వదిలి బంధకపు (కరెంటును అడ్డుకునే) తీరుకు మారుతుందని చూపించింది. అందుకే నాలుగు కార్బన్ల బ్యూటేన్ డైథయోల్ వద్దంటాను. ఫిల్మ్ లోహంలా నడిస్తే అణువు పాత్ర తేల్చడం కష్టం.

ఇతర లింకర్లలో, కొసలకు గంధకం బదులు అమైన్ ఉన్న డైఅమైన్లు గాలికి తట్టుకుంటాయి గానీ బంగారంపై పట్టు తక్కువ. డైథయోకార్బమేట్ అనే మరో గంధకపు లింకర్‌తో కరెంటు బాగుంటుంది, కానీ తయారీకి కార్బన్ డైసల్ఫైడ్ కావాలి. నిప్పు ఇట్టే అంటుకునే సరుకది, ఎమ్మెస్సీ ల్యాబ్‌కి వద్దు.

ఏది వాడినా గది ఉష్ణోగ్రత దగ్గరే ఆపేయకండి. పశువుల వీర్యం నిల్వకు వాడే ద్రవ నత్రజనే మనకూ సరిపోతుంది, 77 కెల్విన్ దాకా దిగొచ్చు. నిరోధపు లాగరిథమ్‌ను 1/T మీద గీయండి (T అంటే కెల్విన్లలో ఉష్ణోగ్రత). సరళ రేఖ రాకుండా వంగితే T వర్గమూలం విలోమం మీద గీసి చూడండి.