ఇజెన్ అగ్నిపర్వతం రాత్రి ట్రెక్: కొండకు ఐదు స్టార్లు, ఇచ్చిన మాస్క్‌కు ఒకటి

బాలి వెళ్ళే మనవాళ్ళు ఈ మధ్య పక్క దీవి జావాలోని కవా ఇజెన్‌ను కూడా ప్యాకేజీలో కలుపుకుంటున్నారు. నేనూ మా బావమరిదీ వెళ్ళొచ్చాం. చూడాల్సిన చోటే. కానీ డబ్బు కట్టే ముందు ఏజెంటును ఒకటి అడగండి: ఇచ్చే గ్యాస్ మాస్క్ ఏ రకం?

కారు శుభ్రంగా ఉంది, డ్రైవర్ నిద్రమత్తు లేకుండా నడిపాడు. బాలి వైపు గిలిమానుక్‌లో ఫెర్రీ ఎక్కి జావా వైపు కెటపాంగ్‌లో దిగి, ఆరోగ్య సర్టిఫికెట్ చూపించుకుని, అర్ధరాత్రి దాటాక ట్రెక్ మొదలయ్యే పాల్టుడింగ్ చేరాం. జావా గడియారం బాలి కంటే గంట వెనక, అలారం పెట్టుకునేటప్పుడు గుర్తుంచుకోండి. టిఫిన్ అంటే రెండు బ్రెడ్ ముక్కలు, ఒక అరటిపండు. మా జంతికలే ఆదుకున్నాయి.

ఇక మాస్క్. నేను పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ విభాగంలో పనిచేస్తాను కాబట్టి మాస్క్ చేతికి రాగానే కార్ట్రిడ్జ్ (గ్యాసును వడకట్టే డబ్బా) వైపే చూశాను. దాని చుట్టూ గోధుమ రంగు గీత. యూరప్ ప్రమాణంలో అది సాల్వెంట్ ఆవిర్లకు వాడేది. ఇజెన్‌లో పీల్చాల్సి వచ్చేది సల్ఫర్ డయాక్సైడ్. దానికి పసుపు గీత, ‘ఇ’ అనే ఇంగ్లిషు అక్షరం ఉన్నది కావాలి. ఏజెంటుకు ఫోన్ చేస్తే, అందరూ ఇదే వాడతారు సార్, ఏం కాదు అన్నాడు. బావమరిదికి ఇచ్చిన దాని రబ్బరు బిరుసెక్కి పగిలిపోయింది. కొండ కింద అద్దె కొట్టులో వెతికి పసుపు గీతవి రెండు తీసుకున్నాం. కార్ట్రిడ్జ్‌లను అరచేతులతో మూసి గాలి పీల్చితే మాస్క్ మొహానికి అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. అది చెప్పి గడ్డం గీసుకోమంటే, “బావా, సెలవుల్లో కూడా డ్యూటీయేనా?” అన్నాడు. గీసుకోలేదు. కిందికి దిగాక దగ్గాడు.

ఇంత పట్టింపు ఎందుకంటే, అగ్నిపర్వతం అనగానే మనకు లావా గుర్తొస్తుంది, ఇక్కడ భయం గ్యాసుతో. రాత్రి ట్రెక్‌లో అందరూ చూడ్డానికొచ్చే నీలి మంటలు కూడా లావా కావు, పగుళ్ళలోంచి వేడిగా వచ్చే గంధకం ఆవిరి గాలి తగిలి మండటం. గాలి మీ వైపు తిరిగిందంటే కళ్ళు మంట, గొంతు పట్టేస్తుంది. 2018 మార్చిలో ఇక్కడి గ్యాస్ వల్ల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆసుపత్రుల పాలయ్యారు. కార్బన్ డయాక్సైడ్ అయితే మరీ మోసం. వాసన ఉండదు, బరువుగా ఉండి పల్లంలో చేరుతుంది, ఈ మాస్క్ దాన్ని ఆపలేదు. ఇదే జావాలో డియెంగ్ దగ్గర 1979లో పేలుడుకు భయపడి ఊరు వదిలి పరుగెత్తిన జనం దారిలో ఈ గ్యాసులోకే వెళ్ళారు, 140 మందికి పైగా చనిపోయారు.

ట్రిప్ మొత్తంలో ఏజెంటు మనుషులెవరూ చెప్పనిది ఇంకోటుంది. బిలంలో, అంటే అగ్నిపర్వతం నోట్లో, కిలోమీటరు వెడల్పున ఆమ్ల సరస్సు ఉంది. ఆ నీరు లోపలి వేడి రాతికి తగిలితే ఒక్కసారిగా ఆవిరైపోతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది, అంత ఆవిరికి చోటు లేక రాళ్ళనూ బురదనూ ఎగదన్నుకుని బయటికొస్తుంది. శిలాద్రవం పైకి రానక్కర్లేదు, ముందస్తు సూచనలూ పెద్దగా ఉండకపోవచ్చు. 1817లో ఇజెన్ పేలినప్పుడు సరస్సు నీరు, బురద కిందికి ముంచెత్తాయి. 2019 డిసెంబరు 9న న్యూజిలాండ్‌లోని వైట్ ఐలాండ్ ఇలాగే పేలినప్పుడు అక్కడున్నది 47 మంది, చనిపోయింది 22 మంది. వాళ్ళలో ఎక్కువమంది మనలాంటి టూరిస్టులే. ఇండోనేషియాలో హెచ్చరికలు కింది నుంచి పైకి నాలుగు స్థాయిలు: నార్మల్, వాస్పాదా, సియాగా, ఆవాస్. ‘మాగ్మా ఇండోనేషియా’ సైటులో ఆ రోజు ఏ స్థాయి ఉందో మీరే చూసుకోండి.

గైడ్‌కు మాత్రం పూర్తి మార్కులు. ఒకప్పుడు గంధకం మోసినవాడే. పొగ ఎటు తిరుగుతుందో మా కంటే ముందే పసిగట్టి పక్కకు లాగేవాడు. 70 నుంచి 90 కిలోల గంధకం బుట్టలతో ఎక్కేవాళ్ళకు దారి వదలండని పదే పదే చెప్పాడు. వాళ్ళలో కొందరికి నోటికి గుడ్డ తప్ప ఇంకేమీ లేదు. అది చూశాక నా కార్ట్రిడ్జ్ గొడవ నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. అంచున ఫోటోల కోసం వెనక్కి నడవబోతే గైడ్ నడవనివ్వలేదు. 2024లో అలాగే ఒక పర్యాటకురాలు పడిపోయి చనిపోయింది.

ఎక్కలేనివాళ్ళను తోపుడు బండిలో తీసుకెళ్తారు, దాన్ని అక్కడ ‘లంబోర్గిని’ అంటారు. ఆస్తమా ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు బిలంలోకి దిగకండి. తెల్లవారాక పైనుంచి ఆ పచ్చనీలం సరస్సు చూసినా చాలు.

మాస్క్ డబ్బులు తిరిగిమ్మని ఏజెంటుకు రాశాను. తర్వాతి ట్రిప్‌కు పది శాతం తగ్గింపు కూపన్ పంపాడు.