పర్లాకిమిడిలో డిసెంబరు 31 ఉపవాస కూడిక: ఒక సమీక్ష

చాలాచోట్ల డిసెంబరు 31 రాత్రి ఆరాధన అంటే పాటల హోరు, పన్నెండు గంటలకు కేకు, ఆ వెంటనే కొత్త ఏటికి ఒక్కొక్క బైబిలు వాక్యం అచ్చువేసిన వాగ్దాన కార్డుల పళ్లెం చుట్టూ తోపులాట. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక తెలుగు క్రైస్తవ సంఘం మాత్రం ఆ రోజు పగలంతా పాపపు ఒప్పుకోలుకే కేటాయిస్తోంది, అందుకే ఈ కూడికకు వెళ్లమని ధైర్యంగా చెప్పగలను.

ఉదయం పాపక్షమాపణ వేడుకునే 51వ కీర్తన చదివాక అందరికీ ఒక ప్రశ్నల కాగితం ఇచ్చి, మైకు కట్టేసి, గంటసేపు ఎవరి చోట వారిని వదిలేశారు. ఎవరికి బాకీ ఉన్నారు, పొలం గట్టు ఎటు జరిపారు, ఏ తోబుట్టువుతో మాటల్లేవు అని ఆ కాగితం సూటిగా అడుగుతుంది. మధ్యాహ్నం ప్రసంగీకులు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్న బైబిల్లోని సుంకరి జక్కయ్య మాట ఎత్తుకుని, పశ్చాత్తాపం కన్నీళ్లతో తీరిపోయేది కాదని చెప్పి, అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమన్న మత్తయి సువార్త 5:24 ప్రకారం కాసేపు విరామం ఇచ్చారు. నా పక్కనున్న పెద్దాయన చెట్టు కిందికి పోయి, "తమ్ముడా, గట్టు కాడ తప్పు నాదేరా, సంకురాత్రికి రా, కొలిపించేద్దాం" అని ఫోనులో చెప్పడం అందరికీ వినబడింది.

లోపమల్లా ఆ కాగితం తెలుగు లిపిలోనే ఉండడం. పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో చేరింది. ఇంట్లో తెలుగే మాట్లాడినా బడిలో ఒడియా చదువుకున్న పిల్లలు ఇక్కడ ఎందరో. వారు పక్కవారిచేత చదివించుకోవలసి రావడంతో రహస్యంగా సాగవలసిన ఆత్మపరీక్ష కాస్తా బహిరంగమైపోయింది. అవే తెలుగు మాటలను ఒడియా లిపిలో అచ్చువేస్తే సరిపోయేది.

అర్ధరాత్రికి ముందు చేయించిన నిబంధన ప్రార్థన, 1755లో లండన్‌లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ జరిపించిన నిబంధన ఆరాధన ఒరవడిలోనిది. పని అప్పగించినా పక్కన పెట్టినా సమ్మతమేనని దేవునితో చెప్పే మాటలవి. వాటిని అంత గబగబా చదివించకుండా ఉండవలసింది. వాగ్దాన కార్డులు ఇక్కడా పంచారు గాని, నిబంధన తరువాతే.

రుసుము లేదు, కానుక పెట్టె ఉంది. ఉపవాసం విడిచేవారికి సాయంత్రం చోడి (రాగి) అంబలి పోస్తారు, అది బాగుంది. మోకాళ్లూనేచోట పరిచిన చాపలు పలుచన, పెద్దవారు దుప్పటి తెచ్చుకోవాలి. పాతపట్నం వైపు నుంచి వచ్చేవారు అర్ధరాత్రి తిరుగు ప్రయాణానికి ముందే ఆటో మాట్లాడుకోవడం మంచిది.