నక్షత్రాల రంగుల కోసం కొన్న 10×50 బైనాక్యులర్

దాదాపు 6,000 రూపాయలు పెట్టి కొన్న 10×50 (పది రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల కటకాలున్న) బైనాక్యులర్‌ను సంక్రాంతి సెలవుల్లో మా ఊరి డాబా మీద వరుసగా తొమ్మిది రాత్రులు వాడి చూశాను. చంద్రుడి మీది గుంతలు, పిల్లలకోడి చుక్కలు ఇలాంటి వాటిలో ఎంత అందంగా కనిపిస్తాయో చాలామంది ఇదివరకే రాశారు కనుక, నేను నక్షత్రాల రంగులను ఇది ఎంత నమ్మకంగా చూపిస్తుందన్న విషయమే రాస్తాను.

మసక వెలుగులో మన కంటికి రంగు తెలియదు. అందుకే మామూలుగా చూస్తే చాలా చుక్కలు తెల్లగానే తోస్తాయి. చీకట్లో కంటిపాప మహా అయితే 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. 50 మిల్లీమీటర్ల కటకం దానికి సుమారు 50 రెట్ల కాంతిని పోగుచేస్తుంది కాబట్టి దాగి ఉన్న రంగు బయటపడుతుంది. ఫోకస్ చక్రాన్ని కొంచెం తప్పించి చుక్కను చిన్న బిళ్లలా పరుచుకోనిస్తే ఆ రంగు మరింత తేటగా తెలుస్తుంది. ఒరాయన్ నక్షత్రరాశిలోని ఆర్ద్ర నక్షత్రాన్ని అలా చూసినప్పుడు, బూడిద విదిల్చిన నిప్పుకణిక రంగు కనిపించింది. అక్కడి నుంచి మూడు చుక్కల నడికట్టు దాటి అదే రాశిలోని రైజెల్ నక్షత్రం వైపు తిప్పితే, నీలిమందు పెట్టి ఉతికిన పంచె తెలుపు.

కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, వేడెక్కేకొద్దీ పసుపుకూ తెలుపుకూ తిరిగినట్టే, నక్షత్రం రంగు దాని ఉపరితల ఉష్ణోగ్రతను చెబుతుంది. ఆర్ద్రది సుమారు 3,500 కెల్విన్లు (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చే కొలత), సూర్యుడిది 5,770, రైజెల్‌ది 12,000. ఆర్ద్ర ఉపరితలంలో ఒక చదరపు మీటరు వెదజల్లే శక్తి, సూర్యుడి మీద అంతే చోటు వెదజల్లే శక్తిలో సుమారు ఏడో వంతు మాత్రమే. అయినా అది వందల కాంతి సంవత్సరాల దూరం నుంచి అంతగా వెలుగుతోందంటే, దాని వ్యాసం సూర్యుడికి కొన్ని వందల రెట్లు ఉండటమే కారణం. నక్షత్రం వెదజల్లే మొత్తం కాంతి వ్యాసార్ధపు వర్గాన్నీ, ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్నీ అనుసరించి పెరుగుతుంది. రోహిణిని చూస్తూ నేను ఈ లెక్క వేశాను: వ్యాసార్ధం సూర్యుడికి సుమారు 44 రెట్లు, ఉష్ణోగ్రత 3,900 కెల్విన్లు, వెలుగు సుమారు 400 సూర్యులంత. లుబ్ధకుడు (సిరియస్) మాత్రం పాతిక సూర్యులంతే వెలిగినా, 8.6 కాంతి సంవత్సరాల దగ్గరే ఉండటం వల్ల రాత్రి ఆకాశంలోని నక్షత్రాలన్నిటికంటే ప్రకాశంగా కనిపిస్తుంది.

ఆ లుబ్ధకుడి దగ్గరే ఈ పరికరం లోపం కూడా తెలిసింది. చుక్క చుట్టూ ఊదారంగు అంచు ఒకటి కమ్ముకుంది. అది నక్షత్రానిది కాదు, కటకం అన్ని రంగులనూ ఒకే చోట కూర్చలేకపోవడం వల్ల వచ్చినది. రంగు కోసమే కొన్నవాడికి ఇది చిన్న లోటు కాదు. చుక్కను చూపు మధ్యలో ఉంచితే అంచు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పక్కలకు జరిపితే చుక్కలు తోకలు తొడుగుతాయి. పైగా మొదట వచ్చిన పెట్టెలో రెండు గొట్టాలూ ఒకే వరుసలో లేక ప్రతి చుక్కా జంటగా కనిపించింది; దుకాణం వారు మార్చి ఇచ్చేసరికి పది రోజులు పట్టింది. కొన్న రోజే దూరంగా ఉన్న స్తంభాన్ని చూసి సరిచూసుకోవడం మంచిది.

లుబ్ధకుడి తోడు నక్షత్రం ఇందులో కనిపిస్తుందని ఆశించకండి. అది 25,000 కెల్విన్ల వేడిలో ఉన్నా భూమి అంతే పరిమాణం గలది కావడంతో పెద్ద నక్షత్రం వెలుగులో మునిగిపోతుంది. 1862లో అమెరికాకు చెందిన టెలిస్కోపుల తయారీదారు ఆల్వన్ గ్రాహమ్ క్లార్క్ దానిని మొదటిసారి చూసింది 18.5 అంగుళాల కటకంతో.

ఈ ధరకు నేను దీనిని కొనమనే చెబుతాను, అయితే స్టాండుకు బిగించే అడాప్టర్‌తో కలిపి. చేతుల్లో పట్టుకుంటే రెండు నిమిషాలకే చుక్కలు వణకడం మొదలవుతుంది, వణికే చుక్కలో నారింజకూ పసుపుకూ తేడా పట్టలేము.