పద్యం నడిమధ్యన నిలబడాలి: ఎనిమిది వందల ఇయర్‌ఫోన్‌తో పదహారు నెలలు

లోపలి బుల్లి స్పీకరు, అదే డ్రైవర్, ఎన్ని మిల్లీమీటర్లో, డబ్బాలో ఏమేం వస్తాయో అమ్మేవాళ్ళే రాస్తారు. నేను చెప్పేది ఒక్కటే. ఈ ఇయర్‌ఫోన్‌లో మనిషి గొంతు మనిషి గొంతులాగే వినిపిస్తుంది. ఎనిమిది వందలకి దొరికే తీగ ఇయర్‌ఫోన్‌లో ఇది నేను ఊహించలేదు.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా నాన్న హార్మోనియం వాయించేవారు. చిన్నప్పుడు పాతపట్నం వైపు ఊళ్ళలో నాటకం ఉందంటే రాత్రంతా చూసి, తెల్లారి ఇంటికొచ్చి పడుకునేవాళ్ళం. ఇప్పటికీ నేను ఎక్కువగా వినేది నాటక పద్యాలే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డుల నుంచి ఎవరో ఓపిగ్గా ఎక్కించినవి. ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర, అంతే.

దీనికి ముందు వాడిన బ్లూటూత్ జతలో హార్మోనియం ముందుకొచ్చేసి, పాడేవాడు తెర వెనక ఉండిపోయేవాడు. చౌకవాటిలో చాలావరకు బేస్‌నీ (కింది స్వరాలు) ట్రెబుల్‌నీ (పై స్వరాలు) పెంచి మధ్య భాగాన్ని తగ్గిస్తారు, గొంతు ఉండేదేమో ఆ మధ్యలోనే. దీంట్లో అలా అణగదొక్కలేదు. మొదటి రాత్రి, పద్యం చివర రాగం ఎత్తుకునే ముందు పాడే ఆయన ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు వినబడింది. ఇన్నేళ్ళుగా వింటున్న పద్యమే, ఆ ఊపిరి మాత్రం అదే వినడం. నాలుగుసార్లు వెనక్కి జరిపి విన్నాను.

ఇక నిరుడు శ్రావణంలో జరిగింది చెప్పాలి. ఉద్యోగం గుణుపురంలో, రోజూ రైల్లో వెళ్ళిరావడం. ఒక సాయంత్రం స్టేషన్లో బండి కోసం కూర్చుని వింటుంటే పద్యం ఎడమకి జరిగిపోయింది. ఆ పాత రికార్డులు మోనో. రెండు చెవులకీ ఒకే ధ్వని వెళ్తుంది కాబట్టి గొంతు తలకి నడిమధ్యన నిలబడాలి. అదికాస్తా ఎడమ తమ్మె దగ్గరకొచ్చి పాడుతోంది. రికార్డు బరబర కూడా అటే పోయింది. వాయిద్యాలను అటూ ఇటూ పంచిన కొత్త పాటలు వింటూ ఉంటే ఇంకో నెలకి గానీ కనిపెట్టేవాణ్ణి కాదేమో.

నాకు నిజంగా భయం వేసింది. యాభై ఆరేళ్ళు వచ్చాయి. మా నాన్నకి ఆఖరి రోజుల్లో కుడి చెవి వినిపించేది కాదు. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ కుడి పక్కనుంచి పిలిస్తే చాలు, ఎంత గట్టిగా వినబడిందా అని లోపల్లోపల చూసుకునేవాణ్ణి. మూడోనాడు మేనల్లుడి దగ్గర నోరు విప్పాను.

"మావయ్యా, కుడిది ఎడమ చెవిలో, ఎడమది కుడి చెవిలో పెట్టుకుని విను. గొంతు ఎడమనే ఉండిపోతే చెవి చూపించుకుందాం. కుడికొస్తే నీ చెవులు బానే ఉన్నట్టు" అన్నాడు.

మార్చి పెట్టాను. పద్యం కుడికొచ్చింది. పాడైన వస్తువుని చూసి అంత సంతోషపడటం నా జన్మలో అదే.

కొన్న దుకాణంలో చేతిలోకి కూడా తీసుకోకుండా "లోపల పోయింది, కొత్తది తీసుకోండి" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. ఇంటికొచ్చి కుడిదాని రబ్బరు తొడుగు తీసి దీపం కింద పెట్టి చూస్తే, గొట్టం మూతికి సన్నటి వల ఉంది. సగం కన్నాలు గులిమితో మూసుకుపోయాయి. వానాకాలం చెమ్మకి అది మెత్తబడి అతుక్కుంది. మూతి కిందికి పట్టుకుని పొడి మెత్తటి బ్రష్‌తో మెల్లగా రాశాను. అలా పట్టుకుంటే గులిమి లోపలికి పోకుండా కిందికి రాలుతుంది. నీళ్ళు తగలనివ్వలేదు. మందుసీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు నాలుగు వేసి డబ్బాలో రాత్రంతా ఉంచాను. పొద్దున్న గొంతు చాలామటుకు మధ్యకొచ్చింది, పూర్తిగా రావడానికి మరోసారి తోమాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి ఆదివారం చేస్తున్నాను.

కొన్న కొత్తలో బేస్ కూడా అద్భుతం అని అందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. నా మాట మీద కొన్న మా పక్కింటి ఒడియా మాస్టారు ఒడిస్సీ పాటలు వింటారు. అందులో వాయించే మద్దెలలాంటి మర్దళం దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టుందని నాలుగు రోజులకే పట్టుకొచ్చారు. పెద్ద సైజు తొడుగు వేశాక కుదిరింది. చెవిలో గాలి చొరకుండా బిగిస్తేనే ఆ బేస్. సరిగ్గా బిగించినా, కదిలే బండిలో చక్రాల హోరు కింది స్వరాలను మింగేస్తుంది. పోనీ అని సౌండు పెంచితే శ, ష, స వచ్చినచోటల్లా చెవిలో గుచ్చుతుంది. అందుకే బండి కదిలాక వినడం మానేశాను.

తాళాల మెరుపు గురించి మాత్రం నా మాట నమ్మొద్దు. వయసుతో పైస్థాయి ధ్వనులు ముందు తగ్గుతాయి, నాకు హాయిగా ఉన్నది మా మేనల్లుడికి వాడిగా ఉందట.

నా ఫోన్ పాతది, తీగ ఇయర్‌ఫోన్ గుచ్చే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంది. అది లేని ఫోనయితే అడాప్టర్ ఖర్చు కలుపుకోండి. గొంతు కోసం వినేవాళ్ళు, ఇంట్లో నిమ్మళంగా కూర్చుని వినేవాళ్ళు అయితే కొనొచ్చనే నా ఉద్దేశం. కుడిదాని వల ఇంకో వానాకాలం ఆగుతుందో లేదో చూడాలి.